అల విరగని చోట దిగకండి

పోయిన ఆదివారం పేపర్లో మళ్లీ అదే ఫొటో. ఇసుక మీద నాలుగు జతల చెప్పులు, వెనక సముద్రం. ఊరి పేరు మారుతుందంతే, కార్తీకం వచ్చిందంటే మా తీరంలో ఈ వార్త తప్పదు. శ్రీకాకుళంలో ఇరవై ఏళ్లుగా అద్దె బండి నడుపుతున్నాను. పొద్దున్న అరసవల్లి, తర్వాత శ్రీకూర్మం, శాలిహుండం, సాయంత్రానికి కళింగపట్నం. ఈ రూటులో ఎవరు ఎక్కడ పొరపాటు చేస్తారో బండి పక్కన నిలబడి చూసీ చూసీ తెలిసిపోయింది. నీళ్ల బాటిల్, టోపీ సంగతి మీకు తెలిసిందే, వదిలేస్తున్నాను.

గుళ్లు, కొండ

చంటిపిల్లలుంటే అరసవల్లికి ఆదివారం పెట్టుకోకండి. అది సూర్యుడి వారం, జనం అంతా ఆ రోజే వస్తారు. శ్రీకూర్మంలో తాబేళ్లకు బిస్కెట్లు వేయకండి. శాలిహుండం మెట్లు మిట్టమధ్యాహ్నం ఎక్కకండి, నీడ తక్కువ. 1919లో గిడుగు రామమూర్తి పంతులుగారు వెలుగులోకి తెచ్చిన పాత బౌద్ధ స్తూపాల చోటది. ఆ ఇటుకల మీదకెక్కి సెల్ఫీలు దిగేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది, అది వేరే సంగతి. కొండ మీది నుంచి వంశధార కనిపిస్తుంది. ఆ నది సముద్రంలో కలిసే చోటు గురించే నేను చెప్పాలనుకున్నది.

సముద్రం

అందరూ చేసే తప్పు ఒకటే. పెద్ద అలలకు జడిసి, అటూ ఇటూ అలలు విరుగుతుంటే మధ్యలో నీళ్లు నున్నగా ఉన్న చోటు వెతుక్కుంటారు. "ఇక్కడ అలలు లేవు, సేఫ్" అని పిల్లల్ని అక్కడే దింపుతారు. ఒడ్డుకు కొట్టిన నీళ్లు మళ్లీ వెనక్కి పోవాలి కదా. అవి పోయే గాడి అదే. లోతు ఎక్కువ కాబట్టే అక్కడ అల విరగదు. నీటి రంగు కాస్త ముదురుగా ఉంటుంది, నురగ ఒడ్డుకు రాకుండా లోపలికి పోతుంటుంది. అల విరగని చోట దిగకండి.

నది సముద్రంలో కలిసే మొగ దగ్గరైతే మరీ ఘోరం. పోటుకు నదిలోకి ఎక్కిన నీరు, పైనుంచి వచ్చే నదినీరు, రెండూ కలిసి ఆటు సమయానికి ఒక్క ఊపున సముద్రంలోకి లాగుతాయి. పున్నమికీ అమావాస్యకీ ఆటుపోట్లు పెద్దవి. మనం సముద్ర స్నానానికి పోయేది సరిగ్గా కార్తీక పున్నమికే. పైగా ఒడిశాలో వాన పడితే గొట్టా బ్యారేజీ గేట్లు ఎత్తుతారు, ఇక్కడ ఎండ కాస్తున్నా వంశధార ఉరుకుతుంది. కళింగపట్నంలోనే కాదు, బారువలో మహేంద్రతనయ దగ్గరా, కోనాడలో చంపావతి దగ్గరా మొగ మొగే.

కొన్నేళ్ల కిందట నా బండిలో వచ్చిన కుటుంబం. అల్లుడు మోకాలి లోతు నీళ్లలో నిలబడి వీడియో తీస్తున్నాడు. వల బాగుచేసుకుంటున్న పెద్దాయన తలెత్తి, "అక్కడొద్దు బాబూ, లాగీస్తాది" అని కేకేశాడు. అతను నవ్వి చెయ్యి ఊపాడు. మడమల కింద ఇసుక జారుతుంటే అడుగు మార్చుకున్నాడు, మళ్లీ మార్చుకున్నాడు, మూడోసారికి కాలు నేలకు అందలేదు. బావమరిది ప్యాంటు కూడా విప్పకుండా దూకాడు. తాడు అందుకుని అల్లుడు బయటికొచ్చాడు. బావమరిది రాలేదు. తిరుగు ప్రయాణంలో వెనక సీటులో పిల్లల కోసం కొన్న జీడిపప్పు ప్యాకెట్టు అలాగే ఉంది, ఎవరూ ముట్టలేదు.

కాబట్టి వినండి. ఈత వచ్చినా సరే, మనిషి కోసం మనిషి దూకొద్దు. తాడు, ట్యూబు, ఖాళీ క్యాను, ఏది దొరికితే అది విసరండి. గొలుసులా చేతులు పట్టుకుని దిగొద్దు, ఒకరి పట్టు జారితే అందరూ పోతారు. మీరే చిక్కుకుంటే ఒడ్డు వైపు ఈదకండి. ఆ గాడి మిమ్మల్ని అడుగుకు లాగదు, లోపలికి తీసుకుపోతుంది. తేలుతూ ఉండండి, ఒడ్డుకు సమాంతరంగా పక్కకు ఈది, అలలు విరిగే చోటుకు చేరితే అవే ఒడ్డుకు తోస్తాయి. చెయ్యెత్తి అరవండి. వనభోజనాల్లో మందు పుచ్చుకున్నవాళ్లు బండి దగ్గరే ఉండాలి. ఆటుకు బయటపడిన ఇసుక దిబ్బ మీదికి నడిచి పోవద్దు, వెనక నీళ్లు నిండుతాయి. పిల్లల వెనక కాదు, పిల్లలకు సముద్రం వైపు పెద్దవాళ్లు నిలబడాలి. చేపల వేటకు పోవద్దని హెచ్చరించిన రోజు మీకూ స్నానం లేదు. తుపాను ఎక్కడో ఉన్నా దాని అల ముందే వస్తుంది, 2018లో తిత్లీ వచ్చింది అక్టోబర్‌లోనే. వేటగాళ్లు వద్దంటే ఎందుకని అడగొద్దు. 112, 108 నంబర్లు ఒడ్డున ఉన్నవాళ్ల ఫోన్లో ఉండాలి, నీళ్లలో ఉన్నవాడి ఫోన్లో కాదు. చీకటి పడ్డాక పాదం కూడా తడపొద్దు. మొగలో దిగొద్దు. అల విరగని చోట దిగొద్దు.

ఇప్పుడు నా డిక్కీలో ఇరవై మీటర్ల తాడు, గాలి నింపిన లారీ ట్యూబు ఉంటాయి. సూర్యుడు దిగుతుండగా ఒక హారన్ కొడతాను. రెండో హారన్‌కి రాకపోతే నేనే ఇసుకలోకి వస్తాను.