తలకిందుల ముఖం: ఇంట్లో చేసుకునే ఒక పరీక్ష

తిరుపతిలో ముప్పై ఏళ్లుగా ఫోటో స్టూడియో నడుపుతున్నాను. పని నేర్చుకున్నది మా మామయ్య దగ్గర, ఆయన పాత ప్లేట్ కెమెరా మీద. నల్లగుడ్డ కప్పుకుని వెనక అద్దంలోకి చూస్తే ఎదుట కూర్చున్న మనిషి తలకిందులుగా కనిపిస్తాడు. ఫోకస్ కుదర్చడం వారంలో వచ్చేసింది. ఆ మనిషి నవ్వుతున్నాడో, ముఖం ముడుచుకున్నాడో మాత్రం గుడ్డలోంచి బయటికి వచ్చి చూస్తే తప్ప తెలిసేది కాదు. కుర్చీ, పూలకుండీ, వెనక తెర తలకిందులైనా నాకు ఏ ఇబ్బందీ లేదు. ముఖానికే ఎందుకీ తేడా అన్న ప్రశ్న అప్పటి నుంచీ నాతోనే ఉంది.

ఆ తేడాను మీరూ కొలవవచ్చు. 1969లో మనస్తత్వ పరిశోధకుడు రాబర్ట్ యిన్ చేసిన ప్రయోగానికి ఇది చిన్న రూపం.

నలభై ముఖాల ఫోటోలు, నలభై ఇళ్ల ఫోటోలు ఒకే సైజులో సిద్ధం చేసుకోండి. ముఖాలు చూసేవారికి పరిచయం లేనివి కావాలి; ఫోటోలోని వారి అనుమతి తప్పనిసరి. ఇళ్లు కూడా ముక్కూ ముఖం తెలియనివే తీసుకోండి. గోపురాలు వద్దు. గోవిందరాజస్వామి గుడి గోపురాన్ని మా ఊరివాళ్లు ఏ మూల నుంచి చూసినా పోల్చుకుంటారు.

ముఖ్యమైన జాగ్రత్త జుట్టు గురించి. అట్టలో కోలగా రంధ్రం కత్తిరించి, కళ్లు, ముక్కు, నోరు మాత్రమే కనిపించేలా ప్రతి ఫోటో మీదా పెట్టండి. చిన్నప్పుడు తిరుమలలో కల్యాణకట్ట బయట నిలబడి ఉన్నాను. గుండుతో వచ్చిన నాన్నను చూసిన క్షణంలోనే గుర్తుపట్టాను. క్యూలో గంటల తరబడి మా పక్కనే నిలబడిన పెద్దాయనను మాత్రం ఆయన పలకరించేదాకా పోల్చుకోలేదు. కొత్తవారిని మనం ఎక్కువగా జుట్టుతో, తల ఆకారంతో గుర్తుపెట్టుకుంటాం. బాగా తెలిసినవారిని ముఖం మధ్య భాగంతో. అట్ట లేకపోతే మీరు పరీక్షించేది క్రాపును.

ఇక పరీక్ష. పది ముఖాలను నిలువుగా, ఒక్కొక్కటి మూడు సెకన్లు చూపించండి. ఐదు నిమిషాలు వేరే మాటల్లో పెట్టి, తర్వాత పాతదీ కొత్తదీ పక్కపక్కన ఉంచి ‘ఇందాక చూసింది ఏది?’ అని అడగండి. మరో ఇరవై ముఖాలతో ఇదే పని తలకిందులుగా చేయండి; చూపేటప్పుడూ అడిగేటప్పుడూ రెండుసార్లూ తలకిందులుగానే. ఇళ్లతోనూ అంతే. ఊరికే ఊహించినా సగం సరిపోతాయి కాబట్టి పదికి ఐదు వస్తే ఏమీ గుర్తులేనట్టే లెక్క. ఒక్కరితో ఆపకండి, ఇంటిల్లిపాదినీ కూర్చోబెట్టండి. తిరగేస్తే ఇళ్లకు మార్కులు కొద్దిగా తగ్గుతాయి, ముఖాలకు బాగా పడిపోతాయి.

ఎందుకన్నదానికి నాకు దారి చూపింది నాన్సీ కాన్‌విషర్. అమెరికాలోని ఎంఐటీ విశ్వవిద్యాలయంలో పనిచేసే ఈ శాస్త్రవేత్త 1997లో ఇద్దరు సహచరులతో కలిసి, మనుషులకు ముఖాలూ వస్తువులూ చూపిస్తూ ఎంఆర్‌ఐ యంత్రంతో మెదడును గమనించారు. పదిహేను మందిలో పన్నెండు మందికి మెదడు అడుగుభాగంలో ఒక చిన్న చోటు, ముఖాలు చూసినప్పుడే ఎక్కువగా పనిచేసింది. దానికి ఫ్యూజిఫార్మ్ ఫేస్ ఏరియా అని పేరు. ఫ్యూజిఫార్మ్ అంటే కదురు ఆకారం. ఇళ్లకు లేని తేడా ముఖాలకు ఉండటానికి కారణం ఈ చోటే కావచ్చు.

అది ముఖాల కోసమే ఉన్న చోటు కాదని, ఏ విషయంలోనైనా ఆరితేరితే పనిచేస్తుందని మరో శాస్త్రవేత్త ఇసాబెల్ గోతియే వాదించారు. పక్షుల నిపుణులకు పక్షులను, కార్ల నిపుణులకు కార్లను చూపి 2000లో ఫలితాలు ప్రకటించారు. నాకు కాన్‌విషర్ మాటే బలంగా తోస్తుంది. డోరిస్ త్సావ్, విన్‌రిచ్ ఫ్రైవాల్డ్ అనే శాస్త్రవేత్తలు 2006లో కోతి మెదడులో ఇలాంటి చోటే చూసుకుని కణాలను ఒక్కొక్కటిగా పరీక్షిస్తే, దాదాపు అన్నీ ముఖాలకే స్పందించాయి. కాన్‌విషర్, త్సావ్, ఫ్రైవాల్డ్ ముగ్గురికీ కలిపి 2024లో మెదడు పరిశోధనకు ఇచ్చే కావ్లీ బహుమతి వచ్చింది. కాన్‌విషర్ పాఠాల వీడియోలను ఎంఐటీ ఉచితంగా అందుబాటులో ఉంచింది. మా అమ్మాయి పక్కన కూర్చుని అర్థం చెబుతుంటే నేను వాటిని చూశాను.

తర్వాతి వారం నెగెటివ్‌లతో చేయండి. ఫోన్‌లో రంగులు తిరగేసే సదుపాయం చాలు. ఈసారి తెలిసినవారి ముఖాలే పెట్టండి, అయినా తడబడతారు. డార్క్‌రూమ్‌లో మా మామయ్య, కవరు మీద పేరు రాయనిదే ఒక్క నెగెటివ్‌నూ పక్కన పెట్టనిచ్చేవారు కాదు.