పాత బేస్‌బాల్ కార్డుల సేకరణ – 5వ పాఠం: పూర్తి సెట్టుకు దిగాలా, వద్దా?

పోయిన పాఠంలో చెక్‌లిస్టు, అంటే సేకరించాల్సిన కార్డుల జాబితా, రాసుకోమన్నాను. టాప్స్ కంపెనీ 1953లో వేసిన సెట్టు (ఆ ఏడాది కార్డులన్నీ) తీసుకున్నవాళ్లలో చాలామంది 1 నుంచి 280 దాకా వరసగా అంకెలు వేసేసుకుని, ఇప్పుడు 253, 261, 267 కోసం ఈబే అంతా గాలిస్తున్నారు. దొరకవు. ఆ మూడూ, వాటితోపాటు 268, 271, 275 కూడా అసలు బయటికే రాలేదు. ఆ సెట్టు 274 కార్డులకే పూర్తి.

ఆఖరి నంబరును కార్డుల లెక్క అనుకోవడం వల్ల వచ్చిన చిక్కు ఇది. 1955 టాప్స్‌లో ఆఖరి నంబరు 210, ఉన్నవి 206. 175, 186, 203, 209 లేవు. 1958లో 145 లేదు. 1961 మరీ తికమక: 426, 587, 588 లేవు, కానీ 463 మాత్రం రెండు కార్డుల మీద ఉంది. ఒకటి బ్రేవ్స్ జట్టు కార్డు, రెండోది జాక్ ఫిషర్‌ది. నంబర్లు 589 దాకా వెళ్తాయి, మీ చేతికి రావాల్సినవి 587. ఇక 1956లో నంబరున్నవి 340, వాటికి తోడు నంబరు లేని చెక్‌లిస్టు కార్డులు రెండు. వాటిని సెట్టులో కలుపుకోవాలా వద్దా అన్నది మీ ఇష్టం, కానీ అది కొనకముందే తేల్చుకోవాలి.

కాబట్టి జాబితాలో అంకెలు మీ అంతట మీరు వేయకండి. అచ్చయిన చెక్‌లిస్టు ఎదురుగా పెట్టుకుని నంబరు, పేరు రెండూ దింపుకోండి. లేని నంబరు కోసం వెతకడం ఈనాటిది కాదు. చూయింగ్‌గమ్‌తోపాటు కార్డులు ఇచ్చిన గౌడీ కంపెనీ 1933 సెట్టులో 240 నంబర్లున్నా 106 మాత్రం ఆ ఏడాది రానే లేదు. పిల్లలు దాని కోసం చూయింగ్‌గమ్ కొంటూనే ఉన్నారు. ఉత్తరాలు రాసి అడిగినవాళ్లకు 1934లో ఆ 106వ నంబరు, నాప్ లాజోయ్ కార్డు, పోస్టులో పంపారు. ఉత్తరానికి క్లిప్పు పెట్టి పంపడంతో ఈరోజుకీ చాలా లాజోయ్ కార్డుల మీద ఆ క్లిప్పు నొక్కు కనిపిస్తుంది.

ఇది చిన్న తప్పే, రబ్బరు పెట్టి తుడిచేస్తే పోతుంది. రెండో తప్పు డబ్బుతో పని. ‘90 శాతం పూర్తి’ అన్న లాట్ (ఒకేసారి కలిపి అమ్మే కార్డులు) చూడగానే సగం పని అయిపోయినట్టే అనుకుని కొనేశారు కొందరు. ఈ పాఠంలో అసలు విషయం ఇదే, కాబట్టి కాస్త సాగదీసి చెబుతాను.

1973 వరకూ టాప్స్ ఏడాది కార్డులన్నీ ఒకేసారి వదిలేది కాదు. వసంతంలో మొదటి సిరీస్, తరవాత రెండోది, అలా సీజన్ ముగిసే దాకా విడతలు విడతలుగా వచ్చేవి. ఆఖరి విడత దుకాణానికి చేరేసరికి బడులు తెరిచేవారు, పిల్లల చూపు ఫుట్‌బాల్ మీదికి మళ్లేది, దుకాణదారు ఆర్డరు తగ్గించేవాడు. అందుకే ఆఖరి సిరీస్ కార్డులు, అంటే ‘హై నంబర్లు’, ఎక్కువగా మార్కెట్లోకి రాలేదు.

ఇప్పుడు శాతాలు చూడండి. 1967 టాప్స్ మొత్తం 609. హై నంబర్లు 534 నుంచి 609 దాకా, 76 కార్డులు. అవి ఒక్కటి కూడా లేకుండా మీ దగ్గర 533 ఉన్నా లెక్క 87.5 శాతం చూపిస్తుంది. అమ్మేవాడు దాన్ని ‘దాదాపు 90’ అంటాడు. అబద్ధమేమీ కాదు. కానీ టామ్ సీవర్ రూకీ (ఆటగాడి తొలి కార్డు) 581, రాడ్ కెరూ రూకీ 569, బ్రూక్స్ రాబిన్‌సన్ 600 మిగిలిన ఆ 76లోనే ఉన్నాయి. వాళ్ల సంగతి సరే, మీరు పేరు కూడా వినని ఆటగాడి కార్డు సైతం హై నంబరైతే మొదటి సిరీస్ కామన్ (స్టార్ కాని ఆటగాడి మామూలు కార్డు) ధరకు రాదు.

1972లో 787 కార్డులు. 657 నుంచి హై నంబర్లు, 131. అవి లేకుండా 83 శాతం. జట్టు మారినవాళ్ల ‘ట్రేడెడ్’ కార్డులు, స్టీవ్ కార్ల్‌టన్ 751, జో మోర్గన్ 752, ఫ్రాంక్ రాబిన్‌సన్ 754, అన్నీ ఆ చివరే. 1952 టాప్స్‌లో 407 కార్డులు. 311 నుంచి 97 హై నంబర్లు. అవి లేకుండానే 76 శాతం ఉంటుంది, ఆ 76 శాతానికి అయ్యే డబ్బు మిగిలిన 24 శాతం ముందు ఏ మూలకూ రాదు. ఆ 97లో మొదటిదే 311, మిక్కీ మాంటిల్. 2022 ఆగస్టులో ఆ ఒక్క కార్డు, పదికి 9.5 గ్రేడు (కార్డు ఎంత బాగుందో చెప్పే మార్కు) ఉన్నది, వేలంలో కోటీ 26 లక్షల డాలర్లు పలికింది. విచిత్రమేమిటంటే ఆ సిరీస్‌లో అందరికంటే అరుదైన కార్డు మాంటిల్ కాదు. అచ్చు షీటులో వంద గళ్లు, కార్డులు 97. మిగిలిన మూడు గళ్లలో మాంటిల్, జాకీ రాబిన్‌సన్, బాబీ థామ్సన్ కార్డులే రెండోసారి పడ్డాయి. ధర పెంచింది కరువు కాదు, గిరాకీ.

కష్టమైన సిరీస్ ఎప్పుడూ చివరే ఉంటుందనీ అనుకోకండి. 1957లో అది మధ్యలో ఉంది: 265 నుంచి 352 దాకా, 88 కార్డులు. శాండీ కోఫాక్స్ 302, బ్రూక్స్ రాబిన్‌సన్ రూకీ 328 అందులోవే. 353 దాటాక మళ్లీ సులువు. 400, 405, 407 ఉన్నాయి కదా, కష్టం దాటేశామని 1957 లాట్ కొన్నవాళ్లు అందుకే దెబ్బతిన్నారు.

అమ్మేవాణ్ణి ఎన్ని లేవని అడిగితే లాభం లేదు, ఏవి లేవని అడగండి. నంబర్లు రాసి పంపమనండి. పంపనంటే ఆ లాట్ వదిలేయండి. పంపితే ఆ నంబర్లను కష్టమైన సిరీస్‌తో పోల్చి చూడండి. 1967లో హై నంబర్లు అరవై ఉండి మొత్తం 70 శాతమే ఉన్న లాట్, అవి లేని 87 శాతం లాట్ కంటే మేలు.

నేనైతే ఎప్పుడూ వెనక నుంచే మొదలుపెడతాను. సెట్టు ఎంచుకోగానే ముందు కష్టమైన సిరీస్‌లో నాలుగో వంతు కొంటాను. ఆ ధరలకు కడుపు మండితే అక్కడితో ఆపేస్తాను, పోయేది కొంచెమే. కామన్లతో మొదలుపెట్టి ఐదు వందలు పోగేశాక ఆపాలంటే చెయ్యి రాదు, వాటిని తిరిగి అమ్మితే కొన్న ధరా రాదు.

ఇక ఖర్చు లెక్క. స్టార్లు, కష్టమైన సిరీస్, కామన్లు, పై ఖర్చులు అని నాలుగు గడులు గీయండి. మొదటి రెంటికీ ఈబేలో అడుగుతున్న ధరలు పనికిరావు, అమ్ముడైనవాటి ధరలే తీసుకోండి. ధర మీద గీత కొట్టి ఉంటే అది బేరమాడి తక్కువకు ఇచ్చింది, ఆ అంకె నమ్మకండి. కామన్ల దగ్గర మోసం చేసేది పోస్టేజీ. ఉదాహరణకు 300 కామన్లు, ఒక్కోటి రెండు డాలర్లు, పోస్టేజీ డాలరున్నర అనుకుందాం. విడివిడిగా కొంటే 600 డాలర్ల కార్డులకు 450 పోస్టేజీ. అవే కార్డులు ఇరవై మంది దగ్గర పదిహేనేసి చొప్పున తీసుకుని, ఒక్కో పార్సిలుకు ఐదు డాలర్లు కట్టినా పోస్టేజీ వందే. కామన్లు కార్డ్ షోలో బల్ల దగ్గర నిలబడి ఏరుకోవడం ఇంకా నయం, చేతిలో జాబితా ఉంటే చాలు.

ఏ గ్రేడువి కొనాలో ముందే తేల్చుకోండి. కామన్లకు ఎక్సలెంట్, అంటే 5. స్టార్లకు ఒక మెట్టు కింద 4. జీతం మీద బతికేవాళ్లకు నా సలహా ఇదే. 7కి పైన పూర్తి సెట్టు కట్టడం వేరే ఆట. 1971 టాప్స్‌కైతే ఈ సలహా కూడా సడలించుకోవాలి. దాని అంచు నల్లన, కాస్త రాసుకున్నా తెల్లగా పెచ్చులు లేస్తుంది. ఆ తెలుపును నల్ల మార్కర్‌తో పూసి అమ్ముతుంటారు. కార్డును నిటారుగా నిలబెట్టి అంచు మందంలోకి చూడండి. లోపలి అట్ట తెల్లగానో బూడిదరంగుగానో ఉండాలి, సిరా ఇంకి నల్లగా ఉంటే పూసిందే. 1953 కార్డుల అడుగున ఉండే ఎరుపు, నలుపు పట్టీలకూ ఇదే పరీక్ష. సెట్టులో మొదటి కార్డు, ఆఖరి కార్డు మిగతావాటి కంటే ఎప్పుడూ నలిగి ఉంటాయి, కట్టకు వేసిన రబ్బరు బ్యాండ్ కోసేది వాటినే. 1952లో 1వ నంబరు ఆండీ పాఫ్కో కార్డు బాగున్నది దొరకడం అందుకే గగనం. చెక్‌లిస్టు కార్డుల మీద పెన్నుతో టిక్కులు ఉంటాయి. ఉన్నా ఒప్పుకుంటారా లేదా అన్నదీ రాసుకోండి, టిక్కు లేనిదానికి ధర బాగా తేడా.

వేరియేషన్ల (అదే కార్డు అచ్చులో చిన్న తేడాతో వచ్చినవి) జోలికి వెళ్లకండి. 1962లో పచ్చ ఛాయ కార్డులు, 1969లో తెల్ల అక్షరాలవి, 1974లో పాడ్రెస్ వాళ్లకు ‘వాషింగ్టన్’ అని పడ్డవి, ఇవన్నీ మాస్టర్ సెట్టు (ఆ తేడాలతో సహా అన్నీ ఉన్న సెట్టు) సరుకు. ముందు మామూలు సెట్టు.

1952 టాప్స్ పూర్తి సెట్టు చవగ్గా కనబడితే స్కేలు తీయండి. అసలు కార్డు 2.625 × 3.75 అంగుళాలు. 1983లో టాప్స్ వేసిన పునర్ముద్రణ 402 కార్డులే, పరిమాణం 2.5 × 3.5. ఈ పెద్ద సైజు 1956 దాకా నడిచింది, 1957 నుంచి చిన్నది. అందువల్ల 1952–56 కార్డులకు ఎనిమిది జేబుల పేజీ కావాలి, తొమ్మిది జేబులదాంట్లో కుక్కితే మూలలు మడుస్తాయి. పీవీసీ పేజీలు అసలు వద్దు.

దాచడం గురించి పెద్దగా చెప్పేదేమీ లేదు: న్యూజెర్సీ వాళ్లు బేస్‌మెంట్‌లో, డాలస్ వాళ్లు గరాజ్‌లో పెట్టకండి. హైదరాబాద్‌కో విజయవాడకో పంపించేవాళ్లు వానాకాలం తేమకు సిలికా జెల్ పొట్లాలు వేయండి.

ఎవరు దిగకూడదు? మాంటిల్, మేస్, ఆరన్ ముఖాలు చూసి ముచ్చటపడేవాళ్లు. సెట్టులో ఎక్కువ భాగం బెంచీ మీద కూర్చున్న పిచర్లు, మేనేజర్లు, జట్టు ఫొటోలు. వాటి కోసం వెతకడమే విసుగైతే ఒక ఆటగాడి కార్డులన్నీ ఏడాదివారీగా సేకరించండి, లేదా ఒక జట్టు తీసుకోండి. 1957 బ్రూక్లిన్ డాడ్జర్స్ మంచి ఎంపిక, అది బ్రూక్లిన్‌లో వాళ్ల ఆఖరి ఏడాది. 1952లో 1 నుంచి 310 దాకానే సేకరించి దాన్ని లో నంబర్ సెట్టు అని దాచుకునేవాళ్లూ ఉన్నారు, తప్పేం లేదు.

దిగాలనే ఉంటే తొలి సెట్టుగా 1974 చెబుతాను. 660 కార్డులూ ఒకేసారి వచ్చాయి, షీటుకు 132 చొప్పున సరిగ్గా ఐదు షీట్లు. హై నంబర్ల బెడద లేదు. డేవ్ విన్‌ఫీల్డ్ రూకీ 456 కాస్త బరువు, అంతే. యాభైల సెట్టే కావాలంటే 1955. 206 కార్డులు, 26 పేజీల్లో సర్దుకుంటుంది. మాంటిల్ ఆ ఏడాది పోటీ కంపెనీ బౌమన్‌తో ఉన్నాడు కాబట్టి ఇందులో లేడు, ఆ భారం తప్పింది. అయితే 161 నుంచి హై నంబర్లు, 46 కార్డులు, క్లెమెంటే రూకీ 164 వాటిలోదే. కోఫాక్స్ రూకీ 123, కిల్‌బ్రూ రూకీ 124 మాత్రం కిందనే ఉన్నాయి.

అభ్యాసం: 1955, 1957, 1967, 1972లో ఒకటి ఎంచుకోండి. కష్టమైన సిరీస్‌లో ప్రతి కార్డుకూ 4, 5 గ్రేడుల్లో చివరగా అమ్ముడైన మూడేసి ధరలు రాసి, మధ్య ధర తీసుకోండి. 1967 ఎంచుకుంటే 76 కార్డులు, 456 అంకెలు. నెలకు మీరు పెట్టగలిగే డబ్బుతో ఆ మొత్తాన్ని భాగించండి. 36 నెలలు దాటితే ఆ సెట్టు పక్కన పెట్టి ఇంకోటి లెక్క కట్టండి. ఇది పూర్తయ్యేదాకా ఒక్క కార్డు కూడా కొనొద్దు. ఆరో పాఠం అంచులు కత్తిరించిన కార్డుల మీద, మిల్లీమీటర్ల స్కేలు ఒకటి తెచ్చిపెట్టుకోండి.