పద్యాల గ్రూపు నుంచి మెల్లగా బయటికి రావాలనుకుంటే

ఏడేళ్ళు ఒక వాట్సాప్ పద్యాల గ్రూపులో ఉన్నాను. పొద్దున ఆరింటికి సమస్య, అంటే ఎవరో ఒకరు ఇచ్చే పద్యపాదం, వచ్చేది, కాఫీ చల్లారేలోగా మిగతా పాదాలు రాసి పూరణ పంపాలని తొందర. యతి (పాదం మొదటి అక్షరానికి అదే పాదంలో నిర్ణీత చోట ఉన్న అక్షరం కలవడం) అంటే ఏంటో సరిగ్గా తెలియకుండా చేరినదాన్ని, ఉత్పలమాల రాసే దాకా వచ్చానంటే అది ఆ గ్రూపు పెట్టిన భిక్షే. అయినా పోయినేడు నుంచీ దూరమవుతూ వచ్చి, మొన్న సంక్రాంతి తర్వాత పూర్తిగా బయటికి వచ్చేశాను. నాలాగే ఉండాలా వద్దా అని కొట్టుకుంటున్నవాళ్ళ కోసం ఇది రాస్తున్నాను.

ముందు పది రోజులు గ్రూపు తెరవకుండా ఉండి చూడండి. మ్యూట్‌లో పెట్టేస్తే చాలు, ఎవరికీ తెలియదు. ఆ పది రోజుల్లో మీకు దేనికి మనసు లాగుతోందో గమనించండి. సమస్య చూడగానే బుర్రలో గణాలు, అంటే గురువులు, లఘువుల గుంపులు, తిరగడం మొదలవుతుందే, అది కావాలనిపిస్తే మీరు అలిసిపోయారంతే, కొన్నాళ్ళాగి మళ్ళీ వెళ్ళొచ్చు. నాకు అది గుర్తు రాలేదు, మెచ్చుకోళ్ళూ గుర్తు రాలేదు. ఇద్దరు ముగ్గురు మనుషులు గుర్తొచ్చారు. వాళ్ళ నంబర్లు విడిగా నా దగ్గర ఉన్నాయి కదా అనుకున్నాక సగం టెన్షన్ తగ్గింది.

బయటికి వచ్చే ముందు మీ పద్యాలు తీసి పెట్టుకోండి, ఇది మాత్రం వాయిదా వేయొద్దు. గ్రూపు సెట్టింగుల్లో చాట్ ఎక్స్‌పోర్ట్ అని ఉంటుంది, మీడియా లేకుండా చేస్తే ఒక టెక్స్ట్ ఫైల్ వస్తుంది. అందులో ప్రతి మెసేజ్ ముందు తేదీ, సమయం, పేరు ఉంటాయి కాబట్టి మీ పేరుతో వెతుక్కుంటే పద్యాలు దొరుకుతాయి. పెద్ద గ్రూపైతే పాతవన్నీ రావు, కొన్ని గ్రూపుల్లో ప్రైవసీ సెట్టింగ్ వల్ల ఎక్స్‌పోర్టే కాదు, అప్పుడు ఓపిగ్గా ఒక్కొక్కటే కాపీ చేసుకోవాలి. కాగితం మీద రాసి ఫొటో తీసి పంపినవి ఆ ఫైల్లో ఉండవు, వాటిని విడిగా దాచుకోండి. పద్యంతో పాటు దాని కింద పెద్దలు చేసిన సవరణ కూడా తీసుకోండి. ‘హల్లు కలిస్తే చాలదమ్మా, అచ్చు కూడా కలవాలి, ‘క’కి ‘గి’ చెల్లదు’ అని ఒక మాస్టారు రాసిన మెసేజ్ నాకు నా పద్యం కంటే విలువైనది.

ఆ ఫైల్ కూర్చుని చదివిన రోజు నాకు నిద్ర పట్టలేదు. దొరికినంతలోనే తొమ్మిది వందల పైచిలుకు పూరణలు, నా అంతట నేను అనుకుని రాసిన పద్యాలు పదకొండు. మా అమ్మ చనిపోయిన నెలలో రాముడి మీద, రావణుడి మీద, దుర్యోధనుడి మీద ఇరవై దాకా పూరణలు ఉన్నాయి, అమ్మ మీద ఒక్కటీ లేదు. గ్రూపుని తప్పు పట్టడం లేదు, ఆ పని పెట్టుకోవడం వల్లే ఆ నెల గడిచింది కూడా. కానీ ఎవరో ఇచ్చిన పాదం దగ్గరికి నడిచి వెళ్ళడమే అలవాటైపోయి, నాది అనే మాట ఎక్కడ మొదలుపెట్టాలో మర్చిపోయాను. మీ ఫైల్లో కూడా ఈ లెక్క ఒకసారి చూసుకోండి.

సమస్యలు ఇచ్చే వంతు లాంటి బాధ్యత ఏదైనా మీ మీద ఉంటే అది ఇంకొకరికి అప్పగించాకే కదలండి. వీడ్కోలు మెసేజ్ పెట్టకండి, వంద నమస్కారాలు వస్తాయి, వాటిని చూసి మళ్ళీ ఆగిపోతారు. 2022 నుంచి గ్రూపు వదిలితే అడ్మిన్లకే తెలుస్తుంది, అందరికీ నోటిఫికేషన్ వెళ్ళదు. మీకు నేర్పినవాళ్ళకి మాత్రం ఫోన్ చేసి చెప్పండి. నేను మాస్టారికి చేశాను. ‘రోజూ రాయలేకపోతున్నానండీ, గ్రూపులోంచి వస్తున్నాను’ అన్నాను. ఆయన కాసేపు ఏమీ అనలేదు. తర్వాత ‘పద్యం మానకమ్మా, రాసింది వినిపిస్తూ ఉండు’ అన్నారు.

ఆ తర్వాత పొద్దున ఆరింటి సమయం అలాగే ఖాళీగా మిగులుతుంది, దాన్ని ఇంకేదానికీ ఇవ్వకండి. ఆటవెలదితో మొదలుపెట్టండి, ప్రతి పాదంలో రెండో అక్షరం ఒకటే కావాలనే ప్రాస నియమం లేదు కాబట్టి మాటకి ఊపిరాడుతుంది. మొదటి పాదం మూడు సూర్యగణాలు (చిన్నవి), రెండు ఇంద్రగణాలు (వాటికంటే పెద్దవి), రెండో పాదం ఐదూ సూర్యగణాలే, మళ్ళీ అంతే. గణాలు, యతి చూసుకోవడానికి ఛందం అనే సాఫ్ట్‌వేర్ ఉంది, కానీ యతి కోసం ఇరికించిన మాట ఏదో అది చెప్పదు, అందుకు పైకి చదివితే వినే మనిషి ఒకరు కావాలి.

అమ్మ మీద ఆటవెలది మూడు పాదాలయ్యాయి. నాలుగోది రాక పదకొండు రోజులైంది, ఇన్నేళ్ళూ ఆ పాదం ఎవరో ఒకరు ఇచ్చేవారు మరి. ఆదివారం ఆ మూడూ మాస్టారికి ఫోన్లో చదివి వినిపించాను. రెండో పాదంలో యతి తప్పిందన్నారు.