అట్ట బొంగరం: స్కెచ్ పెన్నులు కాసేపు దాచిపెట్టండి

పిల్లల్ని కూర్చోబెట్టి బొంగరం చేద్దామంటే వాళ్ల చేతులు ముందు రంగుల మీదికే పోతాయి. తిరగని బొంగరానికి ఎన్ని రంగులు పూస్తే ఏం లాభం? ముందది తిరగాలి.

మందపాటి అట్ట, కంపాసు, గుండుసూది, కత్తెర, జిగురు, 6 సెంటీమీటర్ల గుండ్రటి వెదురుపుల్ల చాలు. పుల్ల ఒక కొసను ములుకులా చెక్కి, గరుకు కాగితంతో కాస్త మొద్దు చేయండి. మరీ వాడిగా ఉంటే నేలలో గుచ్చుకుంటుంది. 3 సెంటీమీటర్ల వ్యాసార్ధంతో అట్ట బిళ్లలు రెండు కత్తిరించి, రెండింటి నడిమి చుక్కల్లోంచి ఒకే గుండుసూది దూర్చి అంటించండి. సీసా మూత చుట్టూ గీసే పని వద్దు. కంపాసు ముల్లు దిగిన చోటే కేంద్రం, మూతతో గీస్తే అదెక్కడుందో దేవుడికెరుక.

జిగురు ఆరాక సూది తీసి, ఆ బెజ్జాన్ని పెద్దది చేయాలి. నేను చూసిన బొంగరాల్లో సగం ఇక్కడే పాడయ్యాయి. కత్తెర మొన గుచ్చి గిరగిరా తిప్పేస్తారు, బెజ్జం కోడిగుడ్డులా సాగుతుంది, పుల్ల వదులైపోతుంది. ఆ పైన ఎంత జిగురు పోసినా వంకర వంకరే. సూది బెజ్జాన్ని కంపాసు ముల్లుతో పైనుంచి కొంచెం, కిందినుంచి కొంచెం పెంచండి. ఈ ఒక్క పని పెద్దవాళ్లే చేయాలి. అట్ట కింద అరచెయ్యి కాదు, పాత రబ్బరు ముక్క పెట్టండి. పుల్ల కన్నా బెజ్జం ఒక పిసరు చిన్నదిగా ఉండగానే ఆపేసి, పుల్లను స్క్రూలా తిప్పుతూ దించండి.

అప్పుడే జిగురు పెట్టకండి. బిళ్లను కంటి ఎత్తుకు తెచ్చి పుల్లను వేళ్ల మధ్య మెల్లగా తిప్పండి. అంచు పక్కన పెన్సిల్ మొన కదలకుండా పట్టుకుంటే, మొన ఎదుట అంచు పైకీ కిందికీ ఊగుతోందో లేదో తెలిసిపోతుంది. ఊగితే పుల్ల ఒరిగినట్టే, సరిచేయండి. బిళ్ల ములుకు నుంచి 1.5 సెంటీమీటర్ల ఎత్తులో ఉండాలి. ఎక్కువైతే తూలిపడుతుంది, మరీ తక్కువైతే కాస్త ఒరగగానే అంచు నేలకు రాసుకుంటుంది.

ఆఖరి పరీక్ష: రెండు గ్లాసులు దగ్గరగా పెట్టి, బిళ్ల వాటి మధ్య వేలాడేలా అంచుల మీద పుల్లను అడ్డంగా ఆనించండి. ఎన్నిసార్లు తిప్పి వదిలినా బిళ్లలో ఒకే వైపు కిందికి దిగుతుంటే అది బరువైన వైపు. దానికి సరిగ్గా ఎదుటి అంచున చిన్న టేపు ముక్క అతికించండి. ఏ వైపూ దిగకుండా నిలిచినప్పుడే పుల్ల చుట్టూ జిగురు.

పాత సీడీకి గోలీ అంటిస్తే చాలు కదా అంటారు కొందరు. తిరుగుతుంది, కాదనను. బరువు అంచు దాకా పరుచుకుని ఉంటుంది కాబట్టి చాలాసేపే తిరుగుతుంది. కానీ దాని కేంద్రం ఫ్యాక్టరీలోనే కుదిరిపోయింది, అందులో పిల్లలు చేసిందేముంది?

ఇప్పుడు రంగులు ఇవ్వండి. నా మాట వింటే నల్ల స్కెచ్ ఒక్కటే ఇవ్వండి. అట్ట మీద అంటించే తెల్ల కాగితం బిళ్లలో సగం నల్లగా నింపి, మిగతా సగంలో చిన్న చిన్న నల్లటి వంపుగీతలు మూడేసి చొప్పున, కేంద్రానికి వేర్వేరు దూరాల్లో గీయించండి. 1895లో బెన్‌హామ్ అనే ఆయన ఇంగ్లండులో అమ్మించిన బొంగరం ఇదే. మంచి వెలుతురులో మరీ వేగంగా కాకుండా తిప్పితే ఆ గీతలు లేత రంగుల్లో కనిపిస్తాయి, ఎదురు తిప్పితే ఆ రంగుల వరస తిరగబడుతుంది. ఒకరికి కనిపించిన రంగే ఇంకొకరికి కనిపించాలని లేదు. ఆ తగువు మీరే తీర్చుకోండి.