ఎపాక్సీలో గ్రాఫీన్ ముద్దకట్టకుండా: నా అనుభవం

అర శాతం గ్రాఫీన్ (అతి పలుచని కార్బన్ పలకల పొడి) కలిపితే ఎపాక్సీ (రెజిన్, హార్డెనర్ అనే రెండు ద్రవాలు కలిస్తే గట్టిపడే ప్లాస్టిక్) బలపడాల్సింది పోయి మరింత పెళుసుగా విరిగేది. విరిగిన అంచున నల్లటి గింజలు, అంటే ముద్దకట్టిన గ్రాఫీన్. ఎక్కువసేపు కలపడం, వేడి పెంచడం, గ్రాఫీన్ మోతాదు పెంచడం, ఏదీ పనిచేయలేదు.

చివరికి పొడిని ముందు త్వరగా ఆవిరయ్యే ద్రావకమైన అసిటోన్‌లో వేసి, గిన్నెను మంచునీటిలో ఉంచి, ముద్దలు విడిపోయేలా ఆగి ఆగి అల్ట్రాసోనిక్ (చెవికి వినిపించని ధ్వని) తరంగాలు పంపాను. ఏకధాటిగా పంపితే ద్రవం వేడెక్కుతుంది, గ్రాఫీన్ పలకలూ ముక్కలవుతాయి. తర్వాత రెజిన్ పోసి, కలుపుతూనే అసిటోన్‌ను ఆవిరి చేశాను (మంట దరిదాపుల్లో ఉండకూడదు). కిటుకంతా ఇక్కడే ఉంది: వాసన పోయిందని తొందరపడకుండా వాక్యూమ్‌లో ఉంచి, మధ్యమధ్య తూచి, బరువు తగ్గడం ఆగాకే హార్డెనర్ కలిపాను. మిగిలిపోయిన అసిటోన్ ఎపాక్సీని మెత్తబరుస్తుంది. గింజలు మాయమయ్యాయి, బలమూ పెరిగింది.

వేరే రెజిన్‌తో ఇంతే ఫలితం వస్తుందని హామీ ఇవ్వలేను. అసిటోన్‌లో కరగని పాలీప్రొపిలీన్ వంటి ప్లాస్టిక్‌లకు మాత్రం ఈ దారి పనికిరాదు.