పసుపు ఫ్యూచర్స్‌లో ఒక ట్రేడింగ్ పద్ధతిని పాత ధరలతో పరీక్షించడం ఎలా?

నాందేడ్ జిల్లాలోని ధర్మాబాద్, బిలోలి, దేగ్లూరు ప్రాంతాల తెలుగు రైతులు, వ్యాపారులు పసుపు ధర కోసం నిజామాబాద్ యార్డును, బస్మత్ మార్కెట్‌ను గమనిస్తూ ఉంటారు. నిజామాబాద్ కేంద్రంగా వ్యవసాయ సరకుల ఎక్స్ఛేంజీ ఎన్‌సీడీఈఎక్స్‌లో నడిచే పసుపు ఫ్యూచర్స్ (ముందు తేదీకి ఇప్పుడే ధర కుదుర్చుకునే ఒప్పందాలు) వైపు కూడా కొందరి దృష్టి వెళుతోంది. అలాంటి వారి దగ్గరకు ఎవరైనా వచ్చి, "ఈ పద్ధతి పాటిస్తే గత మూడేళ్లలో పెట్టుబడి రెట్టింపయ్యేది" అని ఒక లెక్కల కాగితం చూపితే, డబ్బు కట్టే ముందు ఆ కాగితాన్ని ఎలా పరిశీలించాలన్నదే ఇక్కడి విషయం. ఎంత లాభం వచ్చిందన్న ప్రశ్నను కాసేపు పక్కన పెట్టి, మధ్యలో ఎంత లోతుకు పడింది, ఎన్నాళ్లు పడి ఉంది అన్నది ముందు తేల్చుకోవాలి. పద్ధతిని చివరిదాకా పాటించగలమా లేదా అన్నది దాని మీదే ఆధారపడి ఉంటుంది.

మొదట నియమాలను పూర్తిగా కాగితం మీద పెట్టండి. ఎప్పుడు కొనాలి, ఎప్పుడు అమ్మాలి, ఎన్ని లాట్లు (ఒక కాంట్రాక్టులోని సరకు పరిమాణం), స్టాప్‌లాస్ (నష్టం పెరగకుండా బయటపడే ధర) ఎక్కడ అన్నవన్నీ, వేరే మనిషి చదివినా అవే ట్రేడ్లు వచ్చేంత స్పష్టంగా ఉండాలి. "మార్కెట్ బలంగా ఉంటే" వంటి మాట ఒక్కటి ఉన్నా దానిని పరీక్షించడం కుదరదు, ఎందుకంటే జరిగిపోయిన ధరలు చూస్తూ ఎవరైనా బలాన్ని సరైన చోటే గుర్తిస్తారు.

తర్వాత ధరల సమాచారం. చాలా బ్యాక్‌టెస్టులు, అంటే పాత ధరల మీద పద్ధతిని నడిపి చూసే పరీక్షలు, ఇక్కడే తప్పుతాయి కాబట్టి దీనికి ఎక్కువ సమయం ఇవ్వాలి. ఫ్యూచర్స్ కాంట్రాక్టుకు ముగింపు తేదీ ఉంటుంది. పసుపుకు సాధారణంగా అది కాంట్రాక్టు నెలలో 20వ తేదీ. కొన్నేళ్ల చరిత్ర కావాలంటే ఒక కాంట్రాక్టు ధరల వెనుక తర్వాతి కాంట్రాక్టు ధరలను అతకాలి. ఉదాహరణకు జూన్ కాంట్రాక్టు క్వింటాలుకు 14,200 రూపాయల దగ్గర, ఆగస్టు కాంట్రాక్టు 14,900 దగ్గర ఉన్న రోజున ఆ రెంటినీ ఊరికే అతికితే, కొని ఉన్నవాడికి క్వింటాలుకు 700 రూపాయల లాభం వచ్చినట్టు కనిపిస్తుంది. లాటు 5 టన్నులు, అంటే 50 క్వింటాళ్లు కాబట్టి, ఒక్క లాటు మీద 35,000 రూపాయల లాభం కాగితం మీద పుట్టుకొస్తుంది. అది ఎవరి ఖాతాలోనూ పడదు. అతుకు దగ్గరి తేడాను పాత ధరలన్నింటిలో సర్దితే రూపాయల లాభనష్టాలు సరిగ్గా వస్తాయి గాని, సర్దిన ధరల మీద శాతాలు లెక్కిస్తే తప్పు జవాబులు వస్తాయి. కాబట్టి లెక్కంతా లాటుకు ఇన్ని రూపాయలు అన్న పద్ధతిలోనే నడపడం మంచిది.

మన ప్రాంతంలో మరో పెద్ద పంట సోయాబీన్. 2021 డిసెంబరులో మార్కెట్ల నియంత్రణ సంస్థ సెబీ సోయాబీన్‌తో సహా ఏడు వ్యవసాయ సరకుల్లో ఫ్యూచర్స్ ట్రేడింగును నిలిపివేసి, అప్పటికే ఉన్న పొజిషన్లను (ఇంకా ముగించని కొనుగోళ్లు, అమ్మకాలను) ముగించుకోవడానికి మాత్రమే అనుమతించింది. ఆ తేదీ దాటి సోయాబీన్ ఫ్యూచర్స్ లాభాలు చూపే కాగితం మీకు కనిపిస్తే, ఆ ధరలు ఎక్కడివని అడగండి. సరకు మార్కెట్లో ట్రేడింగే ఆగిపోయే ముప్పు కూడా ఉందని ఆ నిర్ణయం గుర్తుచేస్తుంది.

ఇప్పుడు ఖర్చులు. ఒక ఊహా ఉదాహరణ తీసుకుందాం: ఒక్కో లాటుతో చేసిన 100 ట్రేడ్లలో 40 లాభపడి సగటున 18,000 రూపాయలు తెచ్చాయి, 60 నష్టపోయి సగటున 9,000 తీసుకుపోయాయి. మొత్తం లాభం 7,20,000, మొత్తం నష్టం 5,40,000. మిగిలింది 1,80,000, అంటే ట్రేడుకు 1,800. చూడటానికి బాగానే ఉంది. కాని స్క్రీన్ మీద కనిపించిన ధరకే సరకు దొరకదు. కొనేటప్పుడు క్వింటాలుకు 20 రూపాయలు, అమ్మేటప్పుడు మరో 20 తేడా వచ్చినా ట్రేడుకు 2,000 పోతుంది, 100 ట్రేడ్లకు 2,00,000. అంటే బ్రోకరేజి, పన్నులు కలపకముందే లాభం కాస్తా 20,000 రూపాయల నష్టంగా మారింది. దూరపు నెలల కాంట్రాక్టుల్లో కొనేవారు, అమ్మేవారు తక్కువగా ఉంటారు కాబట్టి అక్కడ ఈ తేడా ఇంకా పెరుగుతుంది.

ఖర్చులు పోను నిలబడిన పద్ధతికే తర్వాతి పరీక్ష: డ్రాడౌన్. ఖాతా చేరిన గరిష్ఠ స్థాయి నుంచి ఆ తర్వాత పడిన కనిష్ఠ స్థాయి వరకు ఉన్న దూరమే ఇది. 3,00,000తో మొదలై 4,20,000కు చేరి, అక్కడి నుంచి 2,94,000కు పడితే డ్రాడౌన్ 1,26,000, అంటే 30 శాతం. మళ్లీ పాత గరిష్ఠానికి రావాలంటే దాదాపు 43 శాతం సంపాదించాలి. దీనిని ముగిసిన ట్రేడ్లతో కాకుండా ప్రతిరోజూ మిగిలిన నిల్వతో లెక్కించాలి, ఎందుకంటే ఫ్యూచర్స్‌లో నష్టం ఏ రోజుకా రోజు ఖాతా నుంచి తీసేస్తారు. ట్రేడు చివరికి లాభంలో ముగిసినా, మధ్యలో మార్జిన్ (ట్రేడు నిలుపుకోవడానికి ఖాతాలో ఉంచాల్సిన డబ్బు) చాలక బలవంతంగా బయటపడి ఉంటే ఆ లాభం మీది కాదు. ధరల ఊపు పెరిగినప్పుడు ఎక్స్ఛేంజీ అదనపు మార్జిన్ విధించవచ్చన్నది కూడా లెక్కలోకి తీసుకోవాలి.

వరుస నష్టాలను విడిగా చూడండి. 100లో 60 ట్రేడ్లు నష్టపోయే పద్ధతిలో ఏడెనిమిది నష్టాలు వరుసగా రావడం దురదృష్టం కాదు, మామూలే. పై ఉదాహరణలో ఎనిమిది నష్టాలంటే లాటుకు 72,000 రూపాయలు. ట్రేడ్ల ఫలితాలను చీటీల మీద రాసి, కలిపి, వేర్వేరు వరుసల్లో తీసి ఖాతాను మళ్లీ మళ్లీ లెక్కిస్తే, చరిత్రలో కనిపించిన డ్రాడౌన్ కంటే లోతైనవి ఎన్నిసార్లు వస్తాయో తెలుస్తుంది. కంప్యూటరులో స్ప్రెడ్‌షీట్ ఉంటే ఈ పని కొన్ని నిమిషాల్లో అయిపోతుంది. నా అభిప్రాయంలో, చరిత్రలో కనిపించిన అతి పెద్ద డ్రాడౌన్‌కు రెట్టింపును తట్టుకోగల మూలధనం, దానికి తోడు మార్జిన్ మొత్తం చేతిలో లేనివారు ఒక్క లాటుతో కూడా మొదలుపెట్టకూడదు. విత్తనాలకు, ఎరువులకు దాచిన డబ్బును ఇందులో లెక్క వేసుకోవద్దు.

స్టాప్‌లాస్ ఉంది కదా అని ధైర్యపడటానికీ హద్దు ఉంది. వ్యవసాయ సరకులకు రోజువారీ ధర పరిమితి ఉంటుంది. ధర ఆ పరిమితికి తగిలి అవతల కొనేవారే లేనప్పుడు మీ స్టాప్‌లాస్ అమలు కాదు. బ్యాక్‌టెస్టులో అలాంటి రోజులను వెతికి, మరుసటి రోజు దొరికిన ధరకే బయటపడినట్టు మళ్లీ లెక్కించాలి.

లాభం ఎక్కడి నుంచి వచ్చిందో సంవత్సరాల వారీగా విడదీయండి. 2023 వేసవి నుంచి ఆగస్టు లోపే పసుపు ధర రెట్టింపు దాటింది. ధర వెంట వెళ్లే ఏ పద్ధతైనా ఆ నెలల్లో గొప్పగా కనిపిస్తుంది. ఆ ఒక్క పెరుగుదలను తీసేసి చూసినప్పుడు మిగిలిన ఏళ్లన్నీ నష్టంలో ఉంటే, ఆ పద్ధతి ఒకే ఒక్క సంఘటన మీద నిలబడిందని అర్థం.

చివరిగా, నియమాలను తయారుచేయడానికి వాడిన ఏళ్లతోనే వాటిని పరీక్షించకూడదు. మొదటి ఆరేళ్ల ధరలతో నియమాలు స్థిరపరిచి, ఆ తర్వాతి మూడేళ్లను ముట్టుకోకుండా ఉంచి, వాటి మీద ఒక్కసారే నడపండి. ఫలితం నచ్చలేదని నియమం మార్చి మళ్లీ నడిపితే ఆ మూడేళ్లు కూడా వాడేసినట్టే. ఉదాహరణకు నియమంలో 20 రోజుల సగటు ధర వాడితే లాభం వచ్చి, 18తోనూ 22తోనూ నష్టం వస్తే ఆ 20ని నమ్మవద్దు. ఇవన్నీ దాటిన పద్ధతిని ఒక పంట కాలం పాటు డబ్బు పెట్టకుండా, ప్రతి ట్రేడునూ అదే రోజు రాసుకుంటూ నడిపించి, నష్టం ఎంతకు చేరితే ఆపేయాలో ఆ మొత్తాన్ని మొదటి నిజమైన ఆర్డరు పెట్టకముందే తేదీ వేసి రాసి పెట్టుకోండి.