ప్యూర్టో రికోలో కటమరాన్ ఎక్కి ఇకాకోస్ దీవికి: ఈత రానివాళ్లున్న గుంపుతో ఒక రోజు ప్రయాణం ఎలా ప్లాన్ చేయాలి?

కటమరాన్ అన్న మాట మన తీరాలకు కొత్తది కాదు. దుంగల్ని పక్కపక్కన పేర్చి తాళ్లతో బిగించే పడవను తమిళంలో కట్టుమరం అంటారు. ఆ మాటే ఐరోపా భాషల్లోకి వెళ్లి కటమరాన్ అయింది. ఉత్తరాంధ్ర తీరంలో మన మత్స్యకారులు ఆ పడవను తెప్ప అంటారు. ఇప్పటి కటమరాన్ మాత్రం వేరు. రెండు సన్నటి పడవల్ని పక్కపక్కన నిలిపి, పైన ఒకే వెడల్పాటి డెక్ వేసినట్టు ఉంటుంది. ఒక పక్కకు పెద్దగా ఒరగదు. కాళ్లు చాపుకుని కూర్చునేంత చోటుంటుంది. చిన్నపిల్లలు, పెద్దవాళ్లు కలిసిన గుంపుకు ఇంతకన్నా అనువైన పడవ లేదని నా నమ్మకం.

మేం మొదటిసారి వెళ్లినప్పుడు పద్నాలుగు మందిమి. ఈత వచ్చినవాళ్లు నలుగురే, ప్లాన్ చేసింది కూడా ఆ నలుగురమే. దీవి దగ్గర పడవ ఆగాక, మోకాళ్ల నొప్పులున్న మా అత్తయ్య నిలువు నిచ్చెన దిగలేకపోయారు. తెల్లటి ఇసుక కళ్లెదురుగా ఉంది, మనవలు అక్కడి నుంచి చేతులూపుతున్నారు, ఆవిడ రెండు గంటలు డెక్ మీదే కూర్చున్నారు. ఆ రోజు నాకు చాలా బాధేసింది. రెండోసారి ప్లాన్‌ను ఆవిడ మోకాళ్లతో మొదలుపెట్టాం. ఇక్కడ రాస్తున్నది ఆ రెండో ప్లాన్.

1. చోటు ఖాయం చేసుకోండి

కరీబియన్‌లో దీవులకు కొదవ లేదు. అయినా అమెరికాలో ఉంటున్న తెలుగు కుటుంబాలకు నేను ముందు ప్యూర్టో రికోనే చెబుతాను. అది అమెరికా పాలనలోని ప్రాంతం. అమెరికా మెయిన్‌ల్యాండ్ నుంచి దాని రాజధాని సాన్ హువాన్‌కు ఎక్కేది డొమెస్టిక్ ఫ్లైటే. హెచ్-1బీ (ఉద్యోగ వీసా), హెచ్-4 (వాళ్ల కుటుంబానికిచ్చే వీసా) మీద ఉండి పాస్‌పోర్టులో వీసా స్టాంపింగ్ గడువు అయిపోయినవాళ్లు బహామాస్‌కో డొమినికన్ రిపబ్లిక్‌కో వెళ్తే తిరిగి రావడానికి వీసా టెన్షన్. ఇక్కడ ఆ బాధ లేదు. ఫ్లైట్ మాత్రం నేరుగా వెళ్లేదైనా ఉండాలి, అమెరికాలోనే మారేదైనా ఉండాలి. మధ్యలో ఇంకో దేశం తగలకూడదు. ఎవరైనా అడిగితే చూపించడానికి పాస్‌పోర్టు, ఐ-797 (వీసా హోదా మంజూరైందని ఇచ్చే పత్రం) కాపీ దగ్గర ఉంచుకోండి. యూఎస్ వర్జిన్ ఐలాండ్స్ కూడా అమెరికావే, కానీ అక్కడి నుంచి తిరిగొచ్చేటప్పుడు ఇమిగ్రేషన్, కస్టమ్స్ తనిఖీ ఉంటుంది.

సాన్ హువాన్‌కు తూర్పున, కారులో దాదాపు గంట దూరంలో ఫహార్డో అనే ఊరు ఉంది. కటమరాన్లు అక్కడి మరీనాల (షికారు పడవలు ఆగే రేవుల) నుంచి బయల్దేరతాయి. అక్కడి నుంచి రెండు దారులు. ఒకటి కులెబ్రా దీవి, సుమారు 27 కిలోమీటర్లు. పేరున్న ఫ్లమెంకో బీచ్ ఉన్నది అక్కడే. 1975 దాకా అమెరికా నావికాదళం ఆ దీవిని బాంబుల సాధనకు వాడుకుంది. తుప్పుపట్టిన ఒక ట్యాంకు ఇప్పటికీ ఆ ఇసుకలో ఉంది. చూడదగ్గ చోటే. కానీ ఏడాదిలో ఎక్కువ కాలం గాలి తూర్పు నుంచి వీస్తుంది కాబట్టి వెళ్లేటప్పుడు ఎదురుగాలి, ఎదురు అలలు, పైగా అడ్డులేని సముద్రం. గుంపులో ఘాట్ రోడ్డు మీద కళ్లు తిరిగేవాళ్లు ఒక్కరున్నా నేను కులెబ్రా వద్దంటాను.

రెండోది ఇకాకోస్. లా కోర్డిల్లెరా అనే రక్షిత ప్రాంతంలోని జనావాసం లేని చిన్న దీవి. కటమరాన్ మీద అరగంట నుంచి ముప్పావు గంట. లోతు మెల్లగా పెరిగే ఒడ్డు. మొదటిసారి సముద్రంలో కాలు పెట్టేవాళ్లకు ఇదే సరైంది. దీవి మీద కొట్టు, కుళాయి, బాత్‌రూమ్ ఏవీ లేవు. నీడ కూడా తక్కువే.

2. రోజు ఎంచుకోండి

జూన్ 1 నుంచి నవంబర్ 30 వరకు తుపాన్ల కాలం. అందులో ఆగస్టు నడిమి నుంచి అక్టోబరు దాకా గట్టిది. మరియా తుపాను 2017 సెప్టెంబరు 20న ప్యూర్టో రికోను తాకింది. డిసెంబరు, జనవరి నెలల్లో వానలు తక్కువైనా గాలి జోరుగా ఉంటుంది. ఉత్తరం నుంచి పెద్ద అలలు వస్తాయి. నా ఓటు ఏప్రిల్‌కే. వసంతం నుంచి ఎండాకాలం దాకా కొన్నిసార్లు సర్గాసం అనే గోధుమరంగు నాచు ఒడ్డుకు కొట్టుకొస్తుంది. అలాంటప్పుడు కెప్టెన్ వేరే ఒడ్డుకు తీసుకెళ్తానంటే వాదించకండి.

శని ఆదివారాలు వద్దు. స్థానికులు సొంత పడవల్లో ఇకాకోస్‌కు వస్తారు, ఒడ్డు నిండిపోతుంది. మంగళ, బుధవారాలు నయం. ఇంకో ముఖ్యమైన మాట: పడవ రోజును ట్రిప్‌లో చివరి రోజున పెట్టకండి. వచ్చిన మర్నాడే పెట్టుకుంటే, గాలి బాగా లేక రద్దయినా ఇంకో రోజు చేతిలో ఉంటుంది. రెండు రోజుల ముందు నుంచి అమెరికా వాతావరణ శాఖ అయిన నేషనల్ వెదర్ సర్వీస్ వారి సాన్ హువాన్ ఆఫీసు ఇచ్చే సముద్ర సూచన చూడండి. అందులో ‘స్మాల్ క్రాఫ్ట్ అడ్వైజరీ’ (చిన్న పడవలకు హెచ్చరిక) అని కనిపిస్తే వెంటనే పడవవాళ్లకు ఫోన్ చేసి మాట్లాడండి.

3. ఒక్కొక్కరితో విడిగా మాట్లాడండి

చాలామంది వదిలేసే మెట్టు ఇది, నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యమైనది. వాట్సాప్ గ్రూపులో “ఎవరికి ఈత రాదు?” అని అడిగితే సగం మంది పలకరు. పదిమంది ముందు ఒప్పుకోవడం కష్టం. ఫోన్ చేసి ఒక్కొక్కరినీ అడగండి. ఈత వచ్చా? లైఫ్ జాకెట్ వేసుకుంటే నీళ్లలో దిగుతారా, లేక ఒడ్డున మోకాలి లోతు చాలా? నిచ్చెన ఎక్కి దిగగలరా? ప్రయాణంలో వాంతులవుతాయా? గుండె జబ్బు, ఆస్తమా, ఈమధ్య ఆపరేషన్, గర్భం లాంటివి ఏమైనా ఉన్నాయా? కళ్లజోడు లేకుండా ఎంత దూరం కనిపిస్తుంది? మాంసం, చేప, గుడ్డులో ఏవి తినరు?

పెద్దవాళ్లను వాళ్ల పిల్లల ద్వారా అడగకండి. “మా నాన్నగారు ఎక్కేస్తారండీ” అని కొడుకు చెప్పేది ఒకటి, ఆయన మోకాళ్లు చెప్పేది ఒకటి.

4. పడవ మాట్లాడుకోండి

వేరేవాళ్లతో కలిసి వెళ్లే షేరింగ్ కటమరాన్‌లో తలకు వంద డాలర్ల పైమాటే ఉంటుంది. పన్నెండు, పదిహేను మంది దాటితే పడవ మొత్తం మాట్లాడుకోవడం ఎంతవుతుందో కూడా లెక్క కట్టండి. ఖర్చు కొంచెం ఎక్కువైనా, పెద్దవాళ్లు నిచ్చెన దిగడానికి పది నిమిషాలు పడితే విసుక్కునేవాళ్లు ఉండరు.

అమెరికా నిబంధనల ప్రకారం, డబ్బు తీసుకుని ఆరుగురి కంటే ఎక్కువమందిని ఎక్కించుకునే టూర్ పడవకు కోస్ట్ గార్డ్ తనిఖీ సర్టిఫికెట్ ఉండాలి. ఎంతమందిని ఎక్కించుకోవచ్చో అందులోనే ఉంటుంది. పద్నాలుగు మందిని చిన్న పడవలో సర్దేస్తాం, తక్కువకే వస్తాం అనేవాళ్ల మాట వినకండి. కెప్టెన్ లైసెన్సు గురించి అడగడానికి కూడా మొహమాటపడొద్దు.

డబ్బు కట్టేముందు ఇవి అడిగి, జవాబులు ఈమెయిల్‌లో తెప్పించుకోండి:

- దీవి దగ్గర దిగడానికి మెట్లా, నిలువు నిచ్చెనా? నిచ్చెన కింద నీళ్లు నడుము లోతా, తల మునిగేంతా?
- దిగలేనివాళ్లను ఒడ్డుకు చేర్చడానికి చిన్న రబ్బరు పడవ ఉందా?
- పిల్లల సైజు లైఫ్ జాకెట్లు ఎన్ని ఉన్నాయి? ఏ వయసు నుంచి ఎక్కనిస్తారు?
- డెక్ మీద నీడ ఎంత? బాత్‌రూమ్ ఉందా?
- వాతావరణం వల్ల మీరు రద్దు చేస్తే డబ్బు పూర్తిగా తిరిగి ఇస్తారా? మాలో ఇద్దరు రాకపోతే?

మా అత్తయ్యను రెండోసారి ఒడ్డుకు చేర్చింది మొదటి రెండు ప్రశ్నలే. ఇకాకోస్‌లో పడవ రేవుకు చేరి ఆగదు, కాస్త దూరంలో లంగరు వేస్తుంది. ఆ కాస్త దూరం దగ్గరే సగం గుంపు ఆగిపోతుంది.

డబ్బు విషయానికొస్తే, ముందే వసూలు చేసి ఒక్కరే కట్టండి. జెల్ (Zelle, బ్యాంకు యాప్‌లో డబ్బు పంపే పద్ధతి) ద్వారా పంపడానికి ఒక తేదీ పెట్టండి, ఆ తేదీ దాటితే సీటు లేదని మొదట్లోనే చెప్పండి. బంధువులు, స్నేహితుల మధ్య తర్వాత అడగడం చాలా కష్టం.

5. తిండి, బట్టలు, మందులు

పడవలో ఇచ్చే భోజనం సాధారణంగా సాండ్‌విచ్‌లు, చిప్స్, పండ్లు. ‘వెజిటేరియన్’ అన్న ఒక్క మాటతో సరిపెట్టకుండా, మాంసం, చేప, గుడ్డులో ఏవి వద్దో విడివిడిగా రాయండి. బయటి తిండి తెచ్చుకోవచ్చంటే పులిహోరను మించింది లేదు. వంటిల్లు ఉన్న బస తీసుకుంటే ఉదయాన్నే కలిపి పొట్లాలు కట్టుకోవచ్చు. పెరుగన్నం మాత్రం ఆ ఎండకు ఆగదు. మంచినీళ్లు మీ లెక్క కన్నా ఎక్కువే పెట్టుకోండి, నాలుగు ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు కూడా.

చాలా పడవల్లో రమ్ కలిపిన పానీయాలు ధారాళంగా పోస్తారు. పీన్యా కొలాడా ప్యూర్టో రికో జాతీయ పానీయం మరి. తాగేవాళ్లకు నా మాట ఒక్కటే: నీళ్లలో దిగడం పూర్తయ్యాకే గ్లాసు పట్టుకోండి.

కాటన్ చుడీదార్ తడిస్తే బరువెక్కుతుంది, చున్నీ నిచ్చెనకు చిక్కుకుంటుంది. ఆడవాళ్లకైనా మగవాళ్లకైనా పొడుగు చేతుల రాష్‌గార్డ్ (నీళ్లలో వేసుకునే బిగుతు చొక్కా), లెగ్గింగ్స్ హాయి. ఒళ్లంతా కప్పినట్టూ ఉంటుంది, ఎండా తగలదు. మన రంగుకు ఎండ ఏం చేయదనుకోకండి. బోర్లా తేలుతూ చేపల్ని చూస్తుంటే మెడ వెనక, మోకాళ్ల వెనక చర్మం కమిలిపోతుంది. సన్‌స్క్రీన్ జింక్ ఆక్సైడ్ ఉన్నది కొనండి. ఆక్సీబెంజోన్ ఉన్నవి పగడాలకు హాని చేస్తాయని యూఎస్ వర్జిన్ ఐలాండ్స్‌లో 2020 నుంచి నిషేధం ఉంది.

వాంతుల మాత్ర పడవ కదిలాక వేసుకుంటే లాభం లేదు, కనీసం గంట ముందు పడాలి. డ్రామమైన్, బొనైన్ మందుల షాపుల్లో చీటీ లేకుండా దొరుకుతాయి. రెండూ కొంచెం నిద్రమత్తు తెస్తాయి. పిల్లలకు, గర్భిణులకు, బీపీ మందులు వాడేవాళ్లకు డాక్టర్ని అడిగాకే ఇవ్వండి. ఖాళీ కడుపుతో ఎక్కకూడదు, బరువైన టిఫిన్‌తోనూ ఎక్కకూడదు.

6. ముందురోజు సాయంత్రం స్విమ్మింగ్ పూల్‌లో

చేపల్ని చూడటానికి చేసే స్నార్కెలింగ్ అంటే నీళ్లలో ముఖం పెట్టి, గొట్టంతో నోటి ద్వారా గాలి పీల్చడం. మొదటిసారి ఎవరికైనా ఊపిరాడనట్టు అనిపిస్తుంది. ఆ కంగారు సముద్రంలో కాకుండా హోటల్ పూల్‌లో నడుము లోతు నీళ్లలోనే తీరిపోవాలి. కళ్లను, ముక్కును కప్పే చవక మాస్కులు నాలుగు కొనుక్కెళ్లి అందరికీ అరగంట అలవాటు చేయించండి. మీసాలున్న మగవాళ్లకు మాస్కు సరిగ్గా అతకక నీళ్లు కారతాయి. ఆ సంగతి ఇక్కడే తెలిస్తే మాస్కు మార్చి చూసుకోవచ్చు. దూరపు చూపు బాగా తక్కువున్నవాళ్లకు పవర్ ఉన్న మాస్కులు దొరుకుతాయి.

7. ఆ రోజు

ప్యూర్టో రికో గడియారం చలికాలంలో న్యూయార్క్ కన్నా గంట ముందుంటుంది. చేతి గడియారాన్ని నమ్ముకున్నవాళ్లకు ఈ విషయం ముందురోజే చెప్పండి. సాన్ హువాన్ నుంచి గంట ప్రయాణమే అయినా గంటన్నర పెట్టుకోండి. అద్దె కార్లలో వెళ్లడమే మేలు. టాక్సీ వెళ్లేటప్పుడు దొరికినా సాయంత్రం ఫహార్డో నుంచి తిరిగి రావడానికి దొరక్కపోవచ్చు.

పడవ ఎక్కగానే చెప్పులు విప్పిస్తారు. కళ్లు తిరిగేవాళ్లను వెనక భాగంలో, గాలి తగిలేచోట కూర్చోబెట్టి, ఫోన్ చూడకుండా దూరంగా కనిపించే తీరాన్ని చూడమనండి. పడవ ముందు భాగంలో కూర్చోవడానికి కట్టిన వల మీద ఊపు ఎక్కువ, అది కుర్రాళ్లకు వదిలేయండి. ఏ పిల్లవాడికి ఏ పెద్దమనిషి కాపలానో బయల్దేరక ముందే పేర్లు పెట్టి అప్పజెప్పండి. అందరూ చూస్తున్నారంటే ఎవరూ చూడటం లేదనే.

నీళ్లలోకి జంటలుగానే దిగాలి. ఈత వచ్చినవాళ్లు కూడా తేలే వెస్ట్ వేసుకోండి, పక్కవాడు అలిసిపోతే పట్టుకోవడానికి అది ఆసరా. పగడాల మీద నిలబడకండి. అవి ప్రాణమున్నవి, పైగా వాటి సందుల్లో సముద్రపు అర్చిన్లు అనే పొడుగు ముళ్ల ప్రాణులు ఉంటాయి. లంగరు ఎత్తే ముందు సిబ్బంది ఎలాగూ లెక్క పెడతారు, మీరూ జంటల వారీగా ఒకసారి పిలవండి.

ఒడ్డుకు చేరాక పెద్దవాళ్లను తొందరపెట్టకండి. మా అత్తయ్య రబ్బరు పడవ దిగి, మోకాలి లోతులో మనవరాలి చెయ్యి పట్టుకుని అలాగే నిలబడిపోయారు. కాళ్ల దగ్గర చిన్న చేపలు తిరుగుతుంటే వంగి చూస్తూ, “ఇంకాసేపు ఉందాం అమ్మా” అన్నారు. ఆ ఇంకాసేపటికి కూడా ప్లాన్‌లో టైమ్ ఉండాలి.

8. తిరిగొచ్చాక

సిబ్బందికి టిప్పు 15 నుంచి 20 శాతం, గుంపు మొత్తం తరఫున ఒకే కవరులో నగదుగా ఇవ్వండి. పెద్దవాళ్లను చెయ్యి పట్టి దించినవాళ్లకు నేనైతే ఇంకొంచెం ఎక్కువే ఇస్తాను.

ఫహార్డోలోనే లగూనా గ్రాండే అనే ఉప్పునీటి మడుగు ఉంది. చీకట్లో తెడ్డు వేస్తే నీళ్లు నీలంగా మెరుస్తాయి. అమావాస్య దగ్గరి రోజులైతే ఇంకా బాగా కనిపిస్తుంది. అదే రాత్రి అక్కడ కయాక్ టూర్ కూడా పెట్టుకుందామని మీలో ఎవరో ఒకరు తప్పకుండా అంటారు. పిల్లలున్న గుంపుతో వద్దు. ఎండకు, ఉప్పునీటికి అందరూ అలిసిపోయి ఉంటారు, మర్నాటికి పెట్టుకోండి.

తిరుగు ప్రయాణంలో సాన్ హువాన్ ఎయిర్‌పోర్టులో చెక్-ఇన్ కన్నా ముందు వ్యవసాయ శాఖ వాళ్లు బ్యాగులు స్కాన్ చేస్తారు. తాజా మామిడిపండ్లు మెయిన్‌ల్యాండ్‌కు తీసుకెళ్లనివ్వరు. రోడ్డు పక్కన కొన్నవి ఉంటే బసలోనే తినేసి బయల్దేరండి. ఆ స్కానింగ్ క్యూకి ఒక అరగంట అదనంగా లెక్కవేసుకోండి.